మూడు రోజుల్లో లోపం లేని మనిషి: ఒక పిల్లల నవలతో అన్ని సబ్జెక్టులూ చెప్పాలంటే

టీచర్ గారూ, మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెబుతాను. మీరు కోనసీమలో ఒక ప్రాథమికోన్నత పాఠశాలలో 6, 7 తరగతులకు చెబుతున్నారు. స్టీఫెన్ మేన్స్ 1982లో రాసిన 'బీ ఎ పర్ఫెక్ట్ పర్సన్ ఇన్ జస్ట్ త్రీ డేస్' అనే పిల్లల నవలను రోజుకు కొంత తెలుగులో చదివి వినిపిద్దామనుకుంటున్నారు. తనను తాను బాగుచేసుకోవాలనుకునే కుర్రాడి కథ కాబట్టి దీన్ని లెక్కలు, సైన్స్, సోషల్, తెలుగు, బొమ్మలు అన్నిటికీ కలిపి చెప్పాలని ఉంది. ఏ పనులు చేయించాలి, ఏవి వద్దు అని అడిగారు. నేను చాలా ఏళ్లు పశ్చిమ డెల్టాలో ఈ తరగతులకే చెప్పాను. అక్కడ పనికొచ్చినవి చెబుతాను.

పుస్తకం చూడని వాళ్ల కోసం కథ కొద్దిగా. మైలో అనే కుర్రాడి నెత్తిన లైబ్రరీలో ఒక పుస్తకం పడుతుంది. దాన్ని రాసింది డాక్టర్ సిల్వర్‌ఫిష్ అనే ఒకాయన. మూడు రోజులు నేను చెప్పినట్టు చేస్తే ఏ లోపమూ లేని మనిషివి అవుతావు అంటాడు. మొదటి రోజు మెడలో బ్రొకోలీ కట్టుకుని తిరగాలి, అందరూ నవ్వుతారు. రెండో రోజు ఏమీ తినకూడదు. మూడో రోజు ఏ పనీ చేయకుండా కూర్చుని పల్చటి టీ మాత్రమే తాగాలి. ఏ లోపమూ లేకుండా ఉండాలంటే ఏ పనీ చేయకుండా ఉండాలని, అంతకంటే విసుగు ఇంకోటి లేదని చివర్లో మైలోకి అర్థమవుతుంది.

నేను పాటించే నియమం ఒక్కటే. కథ ఏ ప్రశ్న లేపుతుందో ఆ ప్రశ్నకే సబ్జెక్టు జవాబు చెప్పాలి. కథలో బ్రొకోలీ వచ్చింది కదా అని కిలో ఇంత అయితే ఏడు కిలోలు ఎంత అని లెక్క ఇస్తే, అది కథకు అతికించిన లెక్క. పిల్లలు ఆ సంగతి వెంటనే కనిపెడతారు. మనం గోదావరి పక్కన ఉన్నాం కదా, ధవళేశ్వరం దగ్గర 11.75, 13.75, 17.75 అడుగుల ప్రమాద హెచ్చరికలతో గ్రాఫు గీయిద్దాం అని మీ లెక్కల మాస్టారు అనవచ్చు. చాలా మంచి పాఠం అది, వరదల రోజుల్లో తప్పకుండా చేయించండి. కానీ మైలో కథ దాన్ని అడగడం లేదు. ఈ పుస్తకం అడిగేవి వేరే ప్రశ్నలు. మారడానికి ఎన్నాళ్లు పడుతుంది? ఎవరి మాట నమ్మాలి? నలుగురూ నవ్వితే ఏమవుతుంది? అసలు లోపం లేకపోవడం అంటే ఏమిటి?

వీటిలో మొదటిదే అన్నిటికంటే లోతైనది. దానికే ఎక్కువ రోజులు ఇవ్వండి.

'మూడు రోజుల్లో ఏం మారుతుంది?' అని బోర్డు మీద రాసి, పిల్లలను ఇంటికి పంపి కనుక్కుని రమ్మనండి. పాలు రాత్రికి రాత్రి పెరుగవుతాయి, ఇడ్లీ పిండి పొంగుతుంది, అరటి గెల ముగ్గుతుంది, ఇలా తెస్తారు. వాటన్నిటిలో బడిలో చేయించడానికి వీలైనది విత్తనం. వడ్లు ఒక రోజు నానబెట్టి, నీళ్లు వంపేసి, తడి గోనెసంచిలో మండె కడితే ఒకటి రెండు రోజుల్లో తెల్లగా మొలక ముక్కు బయటికొస్తుంది. రైతుల ఇళ్ల పిల్లలు ఈ పని మనకంటే బాగా చెప్పగలరు, వాళ్లచేతే చెప్పించండి. గోనెసంచి ఎందుకు తడిగా ఉండాలి, చెయ్యి లోపల పెడితే వెచ్చగా ఎందుకు తగులుతుంది అన్న ప్రశ్నలు సైన్స్ టీచర్ గారికి వదిలేయండి. మొలకెత్తే గింజ శ్వాసిస్తుందన్న సంగతి ఆ వేడి దగ్గర అర్థమైనంత తేలిగ్గా పాఠంలో అర్థం కాదు. మూడో రోజు సాయంత్రానికి పిల్లలే అంటారు, మొలక వచ్చింది కానీ అన్నం రాలేదు అని. అక్కడి నుంచి లెక్క మొదలవుతుంది.

కొబ్బరి తాడు ఒకటి తీసుకోండి. ఒక రోజుకు ఒక సెంటీమీటర్ అని స్కేలు పెట్టుకోండి. సిల్వర్‌ఫిష్ గారి మూడు రోజులు మూడు సెంటీమీటర్లు, అంటే రెండు వేళ్లు పక్కపక్కన పెట్టినంత. స్వర్ణ రకం వరి విత్తు నుంచి కోత దాకా సుమారు 150 రోజులు, అంటే మీటరున్నర. దేశవాళీ కొబ్బరి మొక్క కాపుకు రావడానికి ఆరేళ్లు అనుకుంటే 2190 సెంటీమీటర్లు, దాదాపు 22 మీటర్లు. తాడు తరగతి గది దాటి వరండాలోకి వచ్చేస్తుంది. ధవళేశ్వరం ఆనకట్ట కట్టడం 1847లో మొదలై 1852లో పూర్తయింది, అయిదేళ్లు, 18 మీటర్ల చిల్లర. పన్నెండేళ్ల పిల్ల వయసు దాదాపు 44 మీటర్లు. ఆ తాడు పట్టుకుని ఇద్దరు పిల్లలు బడి ఆవరణలో ఈ చివర ఒకరు ఆ చివర ఒకరు నిలబడితే, మధ్యలో ఎక్కడ నడక వచ్చింది, ఎక్కడ మాటలు వచ్చాయి, ఎక్కడ చదవడం వచ్చింది అని ఇంట్లో అమ్మను అడిగి తెచ్చిన వివరాలతో దారాలు కట్టించండి. అయిదో తరగతి దాకా వెళ్లినా చదవడం సరిగా రాలేదని చిన్నబుచ్చుకునే పిల్లలు ప్రతి తరగతిలో ఉంటారు. వాళ్లు ఆ తాడు మీద తమ దారం ఎక్కడ కట్టాలో ఆలోచించేటప్పుడు మీరు పక్కన ఉండండి. చదవడం ఆలస్యంగా వచ్చినా, ఆ తాడు మీద వాళ్లకు ముందే వచ్చినవి ఎన్నో ఉంటాయి. ఈత, పడవ తెడ్డు వేయడం, తమ్ముణ్ణి ఎత్తుకుని ఆడించడం. అవి కూడా కట్టించండి.

ఈ ఒక్క పనిలో దశాంశాలు, స్కేలు, యూనిట్లు మార్చడం అన్నీ వచ్చేశాయి. లీపు సంవత్సరాలను ఏం చేయాలి అని ఎవరో ఒకరు అడుగుతారు, ఆ చర్చను ఆపకండి.

సోషల్ మాస్టారు ఆ తాడును ఇంకొంచెం ముందుకు తీసుకెళ్లవచ్చు. ఆనకట్టకు ముందు ఈ ప్రాంతం ఎలా ఉండేది? 1830లలో కరువు, 1839లో కాకినాడ దగ్గరి కోరింగ రేవులో ఉప్పెన. ఆర్థర్ కాటన్ ఆనకట్ట ప్రతిపాదించింది ఆ దెబ్బల తర్వాతే. 1852లో ఆనకట్ట పూర్తయిన మర్నాడే డెల్టా అంతా పచ్చగా మారలేదు. కాలువలు తవ్వాలి, లాకులు కట్టాలి, మురుగు కాలువలు వేయాలి, అవన్నీ ఆ తర్వాత ఏళ్ల తరబడి సాగాయి. పాత ఆనకట్ట స్థానంలో ఇప్పుడున్న బ్యారేజీ 1982లో పూర్తయింది. 1852 నుంచి 1982 దాకా 130 ఏళ్లను మన తాడు మీద కొలిస్తే సుమారు 475 మీటర్లు. అంత తాడు అక్కర్లేదు, బడి నుంచి ఎంత దూరం నడిస్తే 475 మీటర్లవుతుందో పిల్లలను అంచనా వేయమనండి. రామాలయం దాకానా, కాలువ వంతెన దాకానా? మరో సంగతి. మీ నవల అచ్చయిన సంవత్సరం, బ్యారేజీ పూర్తయిన సంవత్సరం, మార్టేరు వరి పరిశోధన కేంద్రం నుంచి స్వర్ణ రకం బయటికొచ్చిన సంవత్సరం ఒకటే, 1982. ఇది కేవలం కాకతాళీయం, కానీ పిల్లలకు తేదీలు గుర్తుండటానికి ఇలాంటివి చాలా ఉపయోగపడతాయి.

ఓపిక ఉంటే ఇంకొకటి. వేలి గోరు మొదట్లో, చర్మం దగ్గర గోళ్లరంగుతో చిన్న చుక్క పెట్టించండి. గోరు నెలకు దాదాపు మూడు మిల్లీమీటర్లు పెరుగుతుంది. మూడు రోజులకు స్కేలుతో కొలిస్తే ఏమీ కనబడదు, నెలకు కనబడుతుంది. కొలవలేనంత చిన్న మార్పు కూడా మార్పే అని నోటితో చెప్పనక్కర్లేదు, చుక్క జరిగిన దూరం చూసి వాళ్లే చెబుతారు.

ఇక రెండో ప్రశ్న, ఎవరి మాట నమ్మాలి అనేది. మైలో ఆ పుస్తకాన్ని ఎందుకు నమ్మాడు? అచ్చయిన పుస్తకం, పేరు ముందు డాక్టర్. అంతే. ఈ చోట పుస్తకం ఆపి ఒక వారం పాటు ప్రకటనలు సేకరించమనండి. అమలాపురం బస్టాండు గోడల మీద, ఆటోల వెనక, పేపర్లో పెట్టి వచ్చే కరపత్రాల్లో, టీవీలో, ఫోన్‌లో. ముప్పై రోజుల్లో ఇంగ్లిష్, పది రోజుల్లో ముత్యాల్లాంటి చేతిరాత, నెలలో ఎత్తు పెరగడం, వారంలో రంగు తేలడం, జ్ఞాపకశక్తికి పొడి. సంచీ నిండా తెస్తారు. సంస్థల పేర్లు ఉన్న చోట కాగితం అంటించి మూసేయమనండి, ఊళ్లో ఎవరితోనూ గొడవ వద్దు. తర్వాత ఒక్కో ప్రకటనను నలుగురేసి పిల్లలకు ఇచ్చి ఈ ప్రశ్నలు అడగమనండి. ఎన్ని రోజులు అంటున్నారు? ఏం మారుతుందంటున్నారు, దాన్ని కొలిచే వీలుందా? చెప్పేవాళ్లకు ఆ విషయం తెలుసని మనకెలా తెలుసు? పని జరగకపోతే డబ్బు వెనక్కిస్తామన్నారా? 'ఫలితాలు మారవచ్చు' అన్న మాట ఎంత చిన్న అక్షరాల్లో ఉంది? ఆ చిన్న అక్షరాల ఎత్తును, శీర్షికలోని అక్షరాల ఎత్తును మిల్లీమీటర్లలో కొలిచి నిష్పత్తి కట్టించండి. నిష్పత్తి పాఠానికి ఇంతకంటే మంచి సామగ్రి నాకు దొరకలేదు.

ఏడో తరగతికి చట్టం సంగతి కూడా చెప్పవచ్చు. మందులు, మంత్రాలు, తాయెత్తులతో ఫలానా జబ్బులు నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వడాన్ని నిషేధిస్తూ 1954లోనే డ్రగ్స్ అండ్ మేజిక్ రెమెడీస్ చట్టం వచ్చింది. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో తప్పుదోవ పట్టించే ప్రకటనలకు జరిమానా ఉంది. చట్టం ఉన్నా గోడల మీద ఇవి ఇంకా ఎందుకున్నాయి అని పిల్లలు తప్పకుండా అడుగుతారు. తెలిసినంత వరకు నిజం చెప్పండి.

ఈ పని చివర్లో తెలుగు పీరియడ్‌లో నిజాయితీ గల ప్రకటన ఒకటి రాయించండి. షరతు ఏమిటంటే, అందులో రాసిన ప్రతి మాటా నిజమై ఉండాలి. 'రోజూ అరగంట చొప్పున ఆరు నెలలు రాస్తే మీ రాత ఇప్పటికంటే బాగుంటుంది, ఎంత బాగుంటుందో చెప్పలేం' లాంటివి రాస్తారు. నిజం మాత్రమే చెబుతూ జనాన్ని ఆకట్టుకోవడం ఎంత కష్టమో అప్పుడు తెలుస్తుంది. భాష మీద అదుపు కూడా అక్కడే వస్తుంది. అభ్యాసం గురించిన వేమన పద్యాలు వాళ్లకు నోటికి వచ్చే ఉంటాయి. ఆ పద్యాల్లో ఎక్కడైనా 'ఇన్ని రోజుల్లో' అని ఉందా అని వెతకమనండి.

మెడలో బ్రొకోలీ సంగతికి వద్దాం. మన పిల్లల్లో చాలామంది దాన్ని చూసి ఉండరు. మునక్కాయో బెండకాయల దండో పెట్టుకోండి, కథ ఏమీ చెడదు. అయితే ఏ ఒక్క పిల్లకో వేసి నిలబెట్టకండి. వేసుకోవాలనుకున్న వాళ్లు వేసుకుంటారు, ముందు మీరు వేసుకోండి. ఇక్కడ లెక్కల మాస్టారికి మంచి పని ఉంది. వేసుకున్న పిల్లలు ఇంటర్వెల్‌లో బడి అంతా తిరిగి రావాలి. తిరగకముందే కాగితం మీద రాయాలి, నూరు మందిలో ఎంతమంది నన్ను గమనిస్తారు అని. దండ బాగా పెద్దదైతే అందరూ చూస్తారు, కాబట్టి మరీ పెద్దది వద్దు, చొక్కా గుండీకి ఒక బెండకాయ చాలు. తర్వాత వేరే తరగతి పిల్లలు కొందరు వెళ్లి, ఇవాళ ఎవరి చొక్కా మీదైనా ఏమైనా కనబడిందా అని అడిగి లెక్క తేవాలి. దాన్ని కడ్డీ గ్రాఫుగా గీయించండి, ఊహించిన శాతం ఒక కడ్డీ, అసలు శాతం పక్కన ఇంకో కడ్డీ. చాలాసార్లు రెండో కడ్డీ చిన్నదిగానే వస్తుంది. మనం భయపడినంత మంది మనల్ని చూడరు అన్నది అన్ని వయసుల వాళ్లకూ వర్తించే సంగతి. ఆరో తరగతిలో, ముఖ్యంగా ఆడపిల్లలకు, అది తెలియడం ఎంతో అవసరం. పని అయ్యాక ఆ కూరగాయల బొమ్మ గీయించి, వాటిని మధ్యాహ్న భోజనం వండే ఆయమ్మకు ఇచ్చేయండి.

రెండో రోజు ఉపవాసం విషయంలో గట్టిగా చెబుతున్నాను. కథలో ఉంది కదా అని ఏ పిల్లచేతా తిండి మాన్పించే పని, సరదాకైనా, పోటీకైనా చేయించకండి. పొద్దున్న ఏమీ తినకుండా బడికొచ్చే పిల్లలు మీ తరగతిలో ఉంటారు. వాళ్లకు మొదటి భోజనం బడిలోనే. కథలో ఈ భాగం చదివే రోజున ఆకలి గురించి మాట్లాడండి. మన డెల్టాలో ఆ మాటకు డొక్కా సీతమ్మ గారి కంటే ముందు గుర్తొచ్చేవాళ్లు లేరు. 1841 నుంచి 1909 దాకా బతికిన ఆ తల్లి లంకల గన్నవరంలో, గోదావరి దాటి వచ్చే బాటసారులకు వేళ కాని వేళ కూడా వండి పెట్టింది. ఈ రోజు రాష్ట్రంలో బడి భోజనం పథకానికి ఉన్నది ఆవిడ పేరే. మీ పిల్లలకు లంకల గన్నవరం దగ్గరి ఊరే కాబట్టి, ఇంట్లో తాతయ్యలు, అమ్మమ్మలు ఆవిడ గురించి విన్నవి అడిగి రాసుకురమ్మనండి. అలాగే 1986 ఆగస్టు వరదలో, 1996 నవంబరు తుపానులో ఇంట్లో ఏం తిన్నారు, ఎన్ని పూటలు తిండి లేదు, ఎవరు తెచ్చిపెట్టారు అని అడగమనండి. తుపాను ఎన్ని చెట్లు కూల్చిందన్నది పుస్తకాల్లో దొరుకుతుంది. పక్కింటివాళ్లు బిందెతో గంజి పంపిన సంగతి అమ్మమ్మ దగ్గరే దొరుకుతుంది. రాసుకొచ్చినవన్నీ ఒక నోటుబుక్కులో చేర్చి లైబ్రరీ అలమరలో పెట్టండి.

తరగతిలో రంజాన్ ఉపవాసం తెలిసిన పిల్లలు ఉంటారు, కార్తీక సోమవారాలు తెలిసిన వాళ్లుంటారు, ఈస్టర్‌కు ముందు వచ్చే శ్రమల దినాలు పాటించే క్రైస్తవుల ఇళ్ల వాళ్లుంటారు. తన ఇష్టంతో, పెద్దల మధ్య, ఒక నమ్మకం కోసం ఉండే ఉపవాసానికీ, సిల్వర్‌ఫిష్ గారు చెప్పాడని ఉండే ఉపవాసానికీ తేడా ఏమిటో పిల్లలే చెబుతారు. ఇది గౌరవంగా నడిపితే చాలా మంచి పీరియడ్. లెక్కలకైతే బడి వంటగది చాలు. ప్రాథమికోన్నత తరగతుల్లో పిల్లకు రోజుకు 150 గ్రాముల బియ్యం, ప్రాథమిక తరగతుల్లో 100 గ్రాములు. మీ బడిలో ఇవాళ హాజరు ఎంత, ఎన్ని కిలోలు పోయాలి, బస్తా ఎన్ని రోజులు వస్తుంది? జవాబు సరిచూడటానికి ఆయమ్మ ఉండనే ఉంది.

మూడో రోజు, ఊరికే కూర్చోవడం. దీన్ని అయిదు నిమిషాలు నిజంగా చేయించండి. ఎవరూ మాట్లాడకూడదు, కదలకూడదు. తర్వాత మణికట్టు మీద నాడి పట్టుకుని నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుందో లెక్కపెట్టమనండి. రెండు నిమిషాలు తాడాట ఆడించి మళ్లీ లెక్కపెట్టించండి. ఏమీ చేయకుండా కూర్చున్నామనుకున్నప్పుడు కూడా గుండె, ఊపిరితిత్తులు, పేగులు పని చేస్తూనే ఉన్నాయి. అంటే సిల్వర్‌ఫిష్ గారు చెప్పిన మూడో రోజు పని ఎవరి వల్లా కాదు. ఈ మాట పిల్లల నోట వచ్చేదాకా ఆగండి, మీరు ముందే అనేయకండి.

లెక్కల్లో ఇంకొకటి ఈ పుస్తకం కోసమే పుట్టినట్టు ఉంటుంది, పరిపూర్ణ సంఖ్యలు. ఒక సంఖ్య కారణాంకాల్లో ఆ సంఖ్యను వదిలేసి, మిగతావన్నీ కూడితే మళ్లీ అదే సంఖ్య వస్తే అది పరిపూర్ణ సంఖ్య. 6కు 1, 2, 3 కూడితే 6. 28కి 1, 2, 4, 7, 14 కూడితే 28. ఎనిమిదికి ఏడే వస్తుంది, పన్నెండుకు పదహారు వస్తుంది. ముప్పై లోపు ఎన్ని ఉన్నాయో పిల్లలచేత వెతికించండి, రెండే దొరుకుతాయి. ఆ తర్వాతది 496, దాని తర్వాత 8128. పదివేల లోపు ఉన్నవి నాలుగే. బేసి సంఖ్యల్లో ఇలాంటిది ఒకటైనా ఉందో లేదో ప్రపంచంలో ఇప్పటికీ ఎవరికీ తెలియదు అని చెప్పినప్పుడు వాళ్ల కళ్లు చూడాలి. కారణాంకాల పాఠం పూర్తయిన వెంటనే ఇది చేయిస్తే బాగుంటుంది.

బొమ్మలు, చేతిపని విషయంలో అట్టలతో మైలో బొమ్మలు చేయించడం కంటే ఊళ్లో పనివాళ్లను తరగతికి పిలవడం మేలు. నరసాపురం వైపు లేసు అల్లేవాళ్లు ఇంటింటా ఉంటారు. మీకు బండారులంక మగ్గాలు దగ్గర, ఆత్రేయపురం పూతరేకులు కూడా అందేంత దూరమే. ఏదో ఒక పని చేసే అమ్మను పిలిచి పిల్లలచేత ఒక్క విషయమే అడిగించండి, పని మధ్యలో తప్పు పోతే ఏం చేస్తారు అని. లేసు అల్లే ఆవిడ తప్పు పోయిన కుట్టు దాకా ఊడదీసి మళ్లీ అల్లి చూపిస్తుంది. పూతరేకుల ఆవిడ బోర్లించిన కుండ ఎంత వేడిగా ఉండాలి, పిండి ఎంత పల్చగా ఉండాలి, నేర్చుకునేటప్పుడు ఎన్ని రేకులు చిరిగాయి అని చెబుతుంది. తర్వాత పిల్లలకు క్రోషే సూదులు, దారం ఇచ్చి గొలుసు కుట్టు నేర్పించండి, మగపిల్లలకు కూడా. ఊడదీయడం కూడా పనిలో భాగమే అని వేళ్లకు తెలియాలి. కథలో మైలో తప్పులకు ఎందుకు అంత భయపడ్డాడో అప్పుడు రాయమంటే పేజీలు నింపుతారు.

అన్నిటికంటే జాగ్రత్తగా చేయాల్సింది, చాలామంది టీచర్లు మొదటే చేయించేది, 'నాలో నేను మార్చుకోవాల్సినవి' అనే జాబితా. దయచేసి దాన్ని గోడ మీద అంటించకండి, తరగతిలో చదివించకండి. ఆ కాగితాల్లో ఏం వస్తాయో చెప్పనా? తెల్లగా అవ్వాలి. లావు తగ్గాలి. నత్తి పోవాలి. నాన్న తాగి వస్తే ఏడవకుండా ఉండాలి. ఇవి పిల్లలు మార్చుకోవాల్సిన లోపాలు కావు. రంగు, ఎత్తు, ఒడ్డూపొడవు, మాట తడబడటం, ఇంటి పరిస్థితి, ఇవేవీ ఈ పనిలోకి రావు అని మొదటి రోజే స్పష్టంగా చెప్పండి. అయినా ఎవరైనా రాస్తే ఆ పిల్లతో ఒంటరిగా కూర్చుని మాట్లాడండి. ఇంట్లో దెబ్బలు, భయం లాంటివి బయటపడితే హెడ్మాస్టారికి చెప్పండి. 1098 చైల్డ్ హెల్ప్‌లైన్ నంబరు తరగతి గోడ మీద ఎప్పుడూ ఉండనివ్వండి.

జాబితా బదులు ఒకే ఒక్క అలవాటు ఎంచుకోమనండి, అదీ చేయగలిగే పని రూపంలో. 'మంచిగా ఉంటాను' అనేది వద్దు. 'తమ్ముడికి రోజూ ఒక పేజీ చదివి వినిపిస్తాను', 'పొద్దున్నే మంచినీళ్ల బిందె నేను తెస్తాను' అన్నవి సరే. చేసిన రోజు నోటుబుక్కులో ఒక గీత. చేయని రోజు ఖాళీ, శిక్ష లేదు, కారణం రాయనక్కర్లేదు. నాలుగు వారాలు చాలు. ఈ నోటుబుక్కు మీరు కూడా చూడకండి, పిల్లలు చూపిస్తే తప్ప.

ఏడో తరగతి వాళ్లకు బెంజమిన్ ఫ్రాంక్లిన్ సంగతి చెప్పవచ్చు. ఆయన యువకుడిగా ఉన్నప్పుడు తనను తాను దిద్దుకోవడానికి మంచి గుణాల జాబితా రాసుకున్నాడు. మొదట పన్నెండే. నీకు గర్వం ఎక్కువ అని ఒక స్నేహితుడు చెప్పాక వినయాన్ని పదమూడోదిగా చేర్చాడు. వారానికి ఒక గుణం మీద దృష్టి, తప్పు జరిగిన రోజున గడిలో చుక్క. పదమూడు వారాలకు ఒక చుట్టు, ఏడాదికి నాలుగు చుట్లు. పదమూడు నాలుగులు యాభై రెండు అని పిల్లలే లెక్క తేలుస్తారు. చివరికి తాను అనుకున్నంత పరిపూర్ణుణ్ణి కాలేదనీ, ప్రయత్నించకపోతే ఉండేదానికంటే మెరుగయ్యాననీ ఆయనే ఆత్మకథలో ఒప్పుకున్నాడు. మైలోకి, ఆయనకు మధ్య ఒక సంభాషణ రాయమనండి. నాటకంగా వేయించండి. ఇంగ్లిష్ పీరియడ్‌లో అయితే చిన్న చిన్న వాక్యాలతో అదే సంభాషణ ఇంగ్లిష్‌లో.

ఎప్పుడు చేయించాలంటే, జులై, ఆగస్టు వద్దు. ఏటి వరద ఉన్నప్పుడు లంక గ్రామాల పిల్లలు రాలేరు, కథ మధ్యలో తెగిపోతుంది, తాడు పని వాళ్లకు తప్పిపోతే బాధపడతారు. దసరా సెలవుల తర్వాత మొదలుపెడితే సంక్రాంతి లోపు తీరిగ్గా అయిపోతుంది. చిన్న పుస్తకమే కాబట్టి రోజుకు పావుగంట చదివితే చాలు, అన్ని కాపీలు అక్కర్లేదు. ఇంగ్లిష్ వాక్యాలు అక్కడక్కడా రెండు చదివి, తర్వాత తెలుగులో చెప్పుకుంటూ పోండి. చివరి అధ్యాయం మాత్రం ముందుగా ఎవరికీ చెప్పకండి. దానికి ముందు ఆగి, మైలో ఇప్పుడేం చేస్తాడు అని ఊహించి రాయించండి.

నేను చెప్పినవన్నీ చేయించాల్సిన పని లేదు. సమయం తక్కువైతే తాడు, ప్రకటనలు, ఆకలి జ్ఞాపకాలు, ఈ మూడూ తీసుకోండి. మార్కుల విషయానికొస్తే, తాడు స్కేలు లెక్కలకు, ప్రకటనల పరిశీలన తెలుగు, సోషల్‌కు, మొలకల పట్టిక సైన్స్‌కు ప్రాజెక్టు పనులుగా పెట్టుకోవచ్చు. అలవాటు నోటుబుక్కుకు, బెండకాయ పెట్టుకున్నారా లేదా అన్నదానికి మాత్రం మార్కులు పెట్టకండి. మీ హెడ్మాస్టారు సిలబస్ సంగతేమిటి అని అడిగితే, ఏ పని ఏ పాఠంలోకి వస్తుందో పాఠాల పేర్లతో సహా ఒక కాగితం మీద రాసి ముందే ఇచ్చేయండి. మీ బడిలో ఎంతమంది టీచర్లున్నారు, ఎవరు ఏ సబ్జెక్టు చూస్తున్నారో రాస్తే, పీరియడ్ల వారీగా ఎలా పంచుకోవచ్చో మళ్లీ వివరంగా రాస్తాను.